పదిమందికి లోపు: చిన్న సంస్థల ఉద్యోగుల ఆరోగ్య బీమా చరిత్ర

భారతదేశంలో ఏడెనిమిది మందితో నడిచే ప్రింటింగ్ ప్రెస్సు యజమాని గాని, పదిహేను మంది పనిచేసే బట్టల దుకాణం యజమాని గాని తన ఉద్యోగులకు ఏ ఆరోగ్య బీమా తీసుకోవాలని ఆలోచించేటప్పుడు, ఆ ఎంపిక తన ఇష్టాన్ని బట్టి జరుగుతున్నదనే అనుకుంటాడు. కాని అతని ముందున్న దారులు ఎన్ని, వాటిలో ఏది తెరిచి ఉన్నది, ఏది మూసి ఉన్నది అనే విషయం రెండు లెక్కలను బట్టి ఏనాడో నిర్ణయమైపోయింది: సంస్థలో ఎంతమంది పనిచేస్తున్నారు, వారికి నెలకు ఎంత జీతం ముడుతున్నది. శాసనం ఈ రెండు లెక్కలనూ 1948లో ఖాయం చేసింది. ఆ తరువాత దాదాపు ఎనిమిది దశాబ్దాల పాటు అంకెలు మారుతూ వచ్చాయి గాని, సంస్థ గుమ్మం దగ్గర నిలబడి మనుషులను లెక్కపెట్టే పద్ధతి మాత్రం మారలేదు. ప్రైవేటు బీమా మార్కెట్టు పుట్టినప్పుడు అది కూడా అదే పద్ధతిని తన లాభనష్టాల కోసం స్వీకరించింది. చిన్న సంస్థల్లో పనిచేసేవారి ఆరోగ్య బీమా చరిత్ర అంటే చాలావరకు ఆ లెక్కకు లోపల ఎవరు మిగిలారు, వెలుపల ఎవరు నిలబడిపోయారు అన్న చరిత్రే.

బీమాకు ఆధారమైన సూత్రం తెలిసినదే. ఫలానా మనిషికి ఫలానా ఏడాదిలో జబ్బు చేస్తుందని ఎవరూ చెప్పలేరు గాని, లక్షమంది ఉన్న సమూహంలో ఏటా ఎంతమంది ఆసుపత్రి పాలవుతారో, వారికి ఎంత ఖర్చవుతుందో అనుభవం మీద దాదాపు సరిగానే అంచనా వేయవచ్చు. అందువల్ల అందరూ కొద్దికొద్దిగా చెల్లించి ఏర్పరచుకున్న ఉమ్మడి నిధి ఏ ఒక్కరి కష్టాన్నయినా మోయగలదు. సమూహం చిన్నదైన కొద్దీ ఈ అంచనా తప్పడం మొదలవుతుంది. పదిమంది దగ్గరికి వచ్చేసరికి అది అంచనాగా కాక అదృష్టంగా మిగులుతుంది. చిన్న సంస్థకు ఆరోగ్య బీమా విషయంలో ఎదురయ్యే ప్రతి ఇబ్బందికీ మూలం ఇక్కడే ఉన్నది.

ఈ సంగతి భారతదేశపు కార్మిక చట్టాల తొలి అనుభవంలోనే బయటపడింది. 1923లో వచ్చిన వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం, పనిలో ప్రమాదానికి గురైన కార్మికుడికి, లేదా అతడు చనిపోతే అతనిపై ఆధారపడినవారికి, యజమాని పరిహారం చెల్లించాలని నిర్దేశించింది. అయితే ఆ బాధ్యత ఒక్కొక్క యజమాని మీద విడివిడిగా పడేది. పెద్ద మిల్లు ఆ భారాన్ని తట్టుకునేది, లేదా ఏదైనా బీమా కంపెనీకి అప్పగించేది. చిన్న కార్ఖానాలో ఒక్క ప్రమాదం జరిగితే యజమాని చెల్లించలేని స్థితికి చేరేవాడు. అప్పుడు కార్మికుడి హక్కు కాగితం మీదే మిగిలేది. పైగా ఆ చట్టం ప్రమాదాలకు, కొన్ని వృత్తి వ్యాధులకు మాత్రమే వర్తించేది గనుక, కార్మికుల ఇళ్ళను అన్నిటికంటె ఎక్కువగా కూల్చే మామూలు జబ్బుల విషయంలో దాని వల్ల ఒరిగేదేమీ లేదు. జర్మనీ 1883లోనే కార్మికులకు అనారోగ్య బీమాను నిర్బంధం చేసింది. బ్రిటన్ 1911 చట్టంతో కార్మికుడు, యజమాని, ప్రభుత్వం ముగ్గురూ చందా వేసే పద్ధతిని తెచ్చింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1927లో అనారోగ్య బీమాపై ఒప్పందాలను ఆమోదించింది. భారత ప్రభుత్వం మాత్రం కార్మికులు ఊళ్ళకూ మిల్లులకూ మధ్య తిరుగుతూ ఉంటారని, చందా వసూలు చేయడం కష్టమని చెప్పి వాయిదా వేస్తూ వచ్చింది. 1929లో ఏర్పడి 1931లో నివేదిక ఇచ్చిన విట్లే కమిషన్ అనారోగ్య బీమా అవసరాన్ని గుర్తించినా, పన్నెండేళ్ళ దాకా పని ముందుకు సాగలేదు.

1943 మార్చిలో, వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కార్మిక శాఖను నిర్వహిస్తున్న కాలంలో, ఆచార్య బి.పి. అదార్కర్‌కు పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమా పథకాన్ని రూపొందించే పని అప్పగించారు. ఆయన నివేదిక 1944 ఆగస్టు 15న సిద్ధమైంది. బట్టల మిల్లులు, ఇంజనీరింగ్, ఖనిజాలు-లోహాలు అనే మూడు రంగాల్లో ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీలతో మొదలుపెట్టాలని ఆయన సూచించారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణులు మారిస్ స్టాక్, ఆర్. రావు ఆ నివేదికను పరిశీలించి ప్రసూతి ప్రయోజనాలను, పనిలో తగిలే గాయాలకు పరిహారాన్ని కూడా అదే చట్రంలోకి తేవాలన్నారు. 1946లో బిల్లుగా వచ్చి, 1948 ఏప్రిల్ 19న ఎంప్లాయీస్ స్టేట్ ఇన్స్యూరెన్స్ చట్టంగా, అంటే తెలుగువారి నోట్లో ఇ.ఎస్.ఐ.గా, ఇది స్థిరపడింది. పాత పరిహార చట్టానికీ దీనికీ ఉన్న తేడా మౌలికమైనది. ఇక్కడ ఏ యజమానీ తన కార్మికుడి చికిత్స ఖర్చును తాను విడిగా భరించడు. జీతాన్ని బట్టి యజమాని వాటా, కార్మికుడి వాటా దేశం మొత్తానికి ఒకే నిధిలోకి చేరతాయి. చందా సామర్థ్యాన్ని బట్టి, వైద్యం అవసరాన్ని బట్టి ఉంటాయి. ఒక సంస్థలో ఎక్కువమందికి జబ్బు చేసినంత మాత్రాన ఆ సంస్థ చందా పెరగదు. చిన్న సంస్థకు ఇంతకంటె మేలైన సూత్రాన్ని ఆ తరువాత ఎవరూ కనిపెట్టలేదని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

ఉమ్మడి నిధి అనే ఆలోచన ఆనాటి పాలకుల మనసులో ఎంత గట్టిగా నాటుకున్నదో పథకం మొదలైన తీరులో కనిపిస్తుంది. తొలుత కాన్పూరు, ఢిల్లీ నగరాల్లోనే అమలు చేయాలని నిర్ణయించినప్పుడు, తమ సరుకు మీద మాత్రమే ఈ చందా భారం పడితే బొంబాయి, అహమ్మదాబాదు మిల్లులతో పోటీ పడలేమని అక్కడి యజమానులు అభ్యంతరం చెప్పారు. దానికి పరిష్కారంగా 1951లో చట్టాన్ని సవరించి, దేశంలో చట్టం వర్తించే ఫ్యాక్టరీలన్నిటి యజమానులూ ప్రత్యేక చందా చెల్లించేటట్టు చేశారు. పథకం అమలైన చోట జీతాల మొత్తంపై 1.25 శాతం, ఇంకా అమలు కాని చోట 0.75 శాతం. అంటే తన కార్మికుడికి ఇంకా డిస్పెన్సరీ తలుపు తెరుచుకోని ఊరి యజమాని కూడా, మరో ఊరి కార్మికుడి వైద్యానికి వాటా వేశాడు. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో జవాహర్‌లాల్ నెహ్రూ పథకాన్ని ప్రారంభించారు. తొలి గౌరవ సభ్యుడిగా ఆయన సంతకం చేసిన పత్రాన్ని పథకాన్ని నడిపే ఇ.ఎస్.ఐ. కార్పొరేషన్ నేటికీ భద్రపరచుకున్నది. ఆ రోజు బీమా పరిధిలోకి వచ్చిన కార్మికులు సుమారు 1.20 లక్షల మంది. తెలుగు ప్రాంతాలకు ఇది 1955లో చేరింది. మొదట్లో వైద్యం కార్మికుడికి మాత్రమే అందేది; 1958 నుంచి అతని కుటుంబానికి కూడా విస్తరించింది.

ఇంత విశాలమైన నిధి గుమ్మంలోనే ఒక గీత గీశారు. విద్యుత్తుతో, లేదా మరే యంత్రశక్తితోనైనా నడుస్తూ 20 మంది, అంతకు మించి పనిచేసే ఫ్యాక్టరీకే ఈ చట్టం వర్తిస్తుందన్నది ఆ గీత. అదే ఏడాది వచ్చిన ఫ్యాక్టరీల చట్టం యంత్రశక్తి ఉన్న చోట పదిమందినే హద్దుగా పెట్టుకున్నది గనుక, పది నుంచి పందొమ్మిది మంది వరకు ఉన్న కార్ఖానాలు ఒక విచిత్రమైన స్థితిలో పడ్డాయి. గాలి, వెలుతురు, పనిగంటలు, యంత్రాల చుట్టూ కంచెలు ఉన్నాయా లేవా అని చూడడానికి ఇన్‌స్పెక్టరు వచ్చేవాడు. అదే కార్మికుడికి క్షయ సోకితే మాత్రం ప్రభుత్వ బీమా అతనిది కాదు. గీతను ఇరవై దగ్గర గీయడానికి పాలనా సౌలభ్యమే కారణం. హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు సక్రమంగా ఉండే చోట నుంచి చందా వసూలు చేయడం తేలిక, చిన్న కార్ఖానాలను వెదికి పట్టుకోవడానికి అయ్యే ఖర్చు వాటి నుంచి వచ్చే చందాను మించిపోవచ్చు. తొలిదశకు ఇది సమంజసమైన జాగ్రత్తే. అయితే తొలిదశ నలభై ఏళ్ళు సాగింది.

ఈ మధ్యలో చట్టం కొంత పక్కలకు విస్తరించింది. రాష్ట్ర ప్రభుత్వాలు నోటిఫికేషన్ ఇచ్చి ఫ్యాక్టరీలు కాని సంస్థలను కూడా చేర్చుకోవచ్చన్న అధికారం చట్టంలో మొదటినుంచీ ఉన్నది. 1970వ దశకంలో దానిని ఉపయోగించి హోటళ్ళు, దుకాణాలు, సినిమా హాళ్ళు, పత్రికా కార్యాలయాలు, రోడ్డు రవాణా సంస్థల్లో 20 మందికి పైగా ఉన్నవాటిని పరిధిలోకి తెచ్చారు. అప్పుడు అసలు ప్రశ్న తలెత్తింది: లెక్కలోకి ఎవరు వస్తారు? హైదరాబాదులోని రాయల్ టాకీస్ తదితర సినిమా హాళ్ళ యజమానులు, తమ ఆవరణలోని క్యాంటీను, సైకిల్ స్టాండు కాంట్రాక్టర్లవి గనుక అక్కడ పనిచేసేవారు తమ ఉద్యోగులు కారని వాదిస్తూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1978లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ వాదాన్ని తోసిపుచ్చారు; సినిమా చూడడానికి వచ్చేవారికి టీ అందించే పని, సైకిళ్ళు కాపలా కాసే పని హాలు వ్యాపారంతో ముడిపడి ఉన్నవే గనుక, కాంట్రాక్టరు మధ్యలో ఉన్నప్పటికీ ఆ కార్మికుల బాధ్యత ప్రధాన యజమానిదేనని తీర్పు చెప్పారు. అంతకు ఐదేళ్ళ ముందు, 1973లో, ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసులో, దుకాణాల చట్టం కింద, కుట్టిన బట్టకు ఇంత అని కూలి తీసుకునే దర్జీలు కూడా దుకాణం ఉద్యోగులేనని సుప్రీంకోర్టు తేల్చింది. బాగా కుట్టని బట్టను తిప్పి పంపే అధికారం యజమానికి ఉన్నప్పుడు, కూలి రోజుకు కట్టినా బట్టకు కట్టినా సంబంధం ఒకటే అన్నది ఆ తీర్పు సారం. తెలుగు నేల మీద పుట్టిన ఈ రెండు వివాదాలూ చిన్న సంస్థల్లో మనిషిని మనిషిగా లెక్కలోకి తేవడానికే న్యాయస్థానాల దాకా వెళ్ళవలసి వచ్చిందని చెబుతాయి.

1989 సవరణతో విద్యుత్తు వాడే ఫ్యాక్టరీలకు హద్దు పదికి దిగింది. వాడని వాటికి అది ఇరవై అయింది. అదే సవరణ, ఒకసారి పరిధిలోకి వచ్చిన సంస్థలో ఉద్యోగుల సంఖ్య తరువాత తగ్గినా చట్టం వర్తిస్తూనే ఉంటుందని చెప్పింది. ఈ నియమం ఎందుకు అవసరమైందో పారిశ్రామిక వాడలను చూసినవారికి చెప్పనక్కరలేదు. ఒకే షెడ్డును గోడ పెట్టి రెండుగా చూపడం, అన్నదమ్ముల పేర్ల మీద రెండు సంస్థలు నమోదు చేయడం, పదో మనిషిని రిజిస్టరులో ఎక్కించకుండా చేతికి కూలి ఇవ్వడం అనేవి హద్దు ఉన్న ప్రతిచోటా పుట్టే అలవాట్లు. 2010 సవరణ విద్యుత్తు ఉన్నా లేకున్నా ఫ్యాక్టరీలన్నిటికీ పదినే హద్దుగా చేసింది. దుకాణాల విషయంలో కూడా రాష్ట్రాలు క్రమంగా పదికి వచ్చాయి. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల మాత్రం గీత ఎక్కడికి జరిగినా పెద్ద తేడా రాలేదు. అక్కడ వేలమంది ఒకే ఆవరణలో పనిచేస్తారు. లారీకి బాడీ కట్టేవాడు, ఇంజను విప్పేవాడు, రంగు వేసేవాడు, టైర్లు చూసేవాడు పక్కపక్కనే ఉంటారు. కాని ఒక్కొక్క షెడ్డు ఒక్కొక్క యజమానిది, ఒక్కొక్క షెడ్డులో నలుగురైదుగురు. సిరిసిల్ల మరమగ్గాల సంగతీ అంతే. సేట్ల దగ్గర నూలు తెచ్చుకుని తమ సాంచాల, అంటే మరమగ్గాల, మీద నేయించే ఆసాముల చేతికింద పనిచేసే కార్మికులు ఊరంతటా ఉన్నారు, ఏ ఒక్క చోటా పదిమంది లేరు. గుంపుగా చూస్తే పెద్ద మిల్లు. చట్టం చూపుతో చూస్తే ఒక్క కార్ఖానా కూడా లేదు.

రెండో గీత జీతానిది. తొలినాళ్ళలో నెలకు 400 రూపాయలు మించి జీతం ఉన్నవారు ఇ.ఎస్.ఐ. పరిధిలోకి రారు. ఆ పరిమితి 1968లో 500, 1975లో 1,000, 1985లో 1,600, 1992లో 3,000, 1997లో 6,500, 2004లో 7,500, 2006లో 10,000, 2010లో 15,000, 2017లో 21,000 అయింది. సవరణకూ సవరణకూ మధ్య ధరలతో పాటు జీతాలు పెరుగుతూ పోయేవి గనుక, పరిమితి మారేలోగా ప్రతిసారీ కొంతమంది నైపుణ్యం గల కార్మికులు, ఫిట్టర్లు, టర్నర్లు, గుమస్తాలు దాన్ని దాటి బయటికి వెళ్ళిపోయేవారు. పన్నెండు మంది ఉన్న కార్ఖానాలో హెల్పర్లు ఇ.ఎస్.ఐ. లోపల, మేస్త్రీ, లెక్కలు రాసే గుమస్తా వెలుపల ఉండడం మామూలైపోయింది. యజమాని బీమా కంపెనీ తలుపు తట్టినప్పుడు అతని వెంట ఉన్నది పన్నెండు మంది సమూహం కాదు, అందులో మిగిలిన ఇద్దరు ముగ్గురే. చిన్న సమూహాన్ని మరింత చిన్నది చేసిన ఈ పరిణామం గురించి జరిగిన చర్చ చాలా తక్కువ.

సంస్థ గుమ్మం దగ్గర తలలు లెక్కపెట్టకుండా కార్మికుడి వైద్యానికి నిధి సమకూర్చడం సాధ్యమేనా అన్న ప్రశ్నకు జవాబు బీడీ పరిశ్రమలో దొరికింది. తెలంగాణలో నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాల్లో ఈ పని చేసేవారిలో అత్యధికులు స్త్రీలు. కంపెనీ నుంచి కమీషన్ ఏజెంటు ద్వారా తునికాకు, తంబాకు, దారం తెచ్చుకుని ఇంటి అరుగు మీద చాటలో పెట్టుకుని బీడీలు చుడతారు. ఇక్కడ ఫ్యాక్టరీ లేదు, హాజరు పట్టీ లేదు, యజమాని కంటికి కనిపించడు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చుట్టేవారిని కూడా ఉద్యోగులుగా గుర్తించింది. కంపెనీలు దానిని సవాలు చేయగా 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. తరువాత 1976లో రెండు జంట చట్టాలు వచ్చాయి. ఒకటి బీడీ పరిశ్రమ మీద సెస్సు, అంటే ఒక ప్రత్యేక ప్రయోజనానికే కేటాయించిన పన్ను, విధించింది; రెండోది ఆ డబ్బుతో సంక్షేమ నిధిని ఏర్పరచి డిస్పెన్సరీలు, చికిత్సకు సాయం, పిల్లలకు ఉపకార వేతనాలు, ఇళ్ళు ఇవ్వడానికి వీలు కల్పించింది. ఎవరి కింద ఎంతమంది ఉన్నారన్న ప్రశ్న ఇందులో తలెత్తదు. సరుకు బజారులోకి వస్తే నిధికి డబ్బు వచ్చేది. చుట్టిన చేతికి గుర్తింపు కార్డు ఉంటే వైద్యం దొరుకుతుంది. డిస్పెన్సరీల దూరం, వైద్యుల కొరత, కార్డు రాని కార్మికుల గోడు ఎన్ని ఉన్నా, చెల్లాచెదురుగా ఉన్న పనికి తగిన ఉమ్మడి నిధి ఏ ఆకారంలో ఉండాలో ఈ చట్టాలు చూపించాయి. 2017లో వస్తుసేవల పన్ను అమల్లోకి వచ్చినప్పుడు ఈ సెస్సు రద్దయింది. నిధి వృత్తి నుంచి కాక కేంద్ర బడ్జెటు కేటాయింపు నుంచి నడవవలసి వచ్చింది. పన్నుల సరళీకరణలో ఇదొక చిన్న అంశంగా గడిచిపోయింది గాని, చిన్న పనివారి బీమా చరిత్రలో ఇది పెద్ద నష్టం.

ప్రైవేటు దారి ఇంకో వైపు నుంచి వచ్చింది. 1972 చట్టంతో సాధారణ బీమా వ్యాపారం జాతీయమై, 1973 జనవరి 1 నుంచి 107 కంపెనీలు నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగింటిలో కలిసిపోయాయి. ఈ నాలుగూ 1986లో మెడిక్లెయిమ్ పేరుతో ఒక ఆరోగ్య పాలసీని తెచ్చాయి. కనీసం 24 గంటలు ఆసుపత్రిలో ఉంటేనే ఖర్చు వచ్చేది. ముందు రోగి తన చేతి నుంచి చెల్లించి, తరువాత బిల్లులు పెట్టి డబ్బు రాబట్టుకోవలసి వచ్చేది. పాలసీ తీసుకునే నాటికే ఉన్న జబ్బులకు వర్తించేది కాదు. వ్యక్తులకు ఇచ్చే ఈ పాలసీయే ఉద్యోగుల సమూహానికి ఇచ్చినప్పుడు గ్రూప్ మెడిక్లెయిమ్ అయింది. సమూహానికి ఇవ్వడంలో కంపెనీకి ఒక భరోసా ఉన్నది: ఉద్యోగంలో చేరినవారంతా పాలసీలో ఉంటారు గనుక, జబ్బు ఉన్నవారే వచ్చి చేరతారన్న భయం తగ్గుతుంది. అందుకే గ్రూపు పెద్దదైన కొద్దీ ప్రీమియంలో తగ్గింపు పెరిగేది. పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తింపు, ప్రసూతి ఖర్చు, తల్లిదండ్రులను చేర్చుకునే వీలు వంటివి పెద్ద కంపెనీలు బేరమాడి సంపాదించుకునేవి. 1999 చట్టంతో బీమా నియంత్రణ సంస్థ ఏర్పడి, కొద్దికాలానికే హైదరాబాదుకు తరలివచ్చింది. ప్రైవేటు కంపెనీలు రంగంలోకి దిగాయి. 2001 నిబంధనలతో టీపీఏలు, అంటే బీమా కంపెనీకీ ఆసుపత్రికీ మధ్య క్లెయిముల పని చూసే సంస్థలు, పుట్టి నగదు చెల్లించకుండా చికిత్స పొందే పద్ధతి వ్యాపించింది.

ఈ మార్కెట్టులో పెద్ద సంస్థకూ చిన్న సంస్థకూ జరిగింది ఒకటి కాదు. పెద్ద ఫ్యాక్టరీ తన యంత్రాలకు, గోదాములకు అగ్నిప్రమాద బీమా కూడా తీసుకుంటుంది. ఆ లాభసాటి వ్యాపారాన్ని దక్కించుకోవడానికి బీమా కంపెనీలు ఉద్యోగుల ఆరోగ్య పాలసీని నష్టానికైనా ఇచ్చాయి. చిన్న కార్ఖానాకు అలా ఎరగా చూపడానికి పెద్ద ఆస్తి ఏదీ లేదు. మరింత ముఖ్యమైనది, వచ్చే ఏడాది ప్రీమియం నిర్ణయించే తీరు. కట్టిన ప్రతి వంద రూపాయల ప్రీమియంలో క్లెయిముల కింద ఎన్ని రూపాయలు తిరిగి వెళ్ళాయన్న నిష్పత్తిని చూసి కంపెనీ తిరిగి ధర కడుతుంది. ఉదాహరణకు పన్నెండు మంది ఉన్న సంస్థ ఏడాదికి 60,000 రూపాయలు కట్టిందనుకుంటే, ఒక్కరికి 3 లక్షలతో గుండె ఆపరేషన్ జరిగితే ఆ నిష్పత్తి ఐదు రెట్లవుతుంది. రెండు వేలమంది ఉన్న సంస్థలో అదే ఆపరేషన్ లెక్కల్లో కనిపించనే కనిపించదు. ఆ చిన్న సంస్థ యజమానికి మరుసటి ఏడాది వచ్చే ధర నిజానికి బీమా ధర కాదు. జరిగిపోయిన ఖర్చును వాయిదాల్లో తిరిగి కట్టమని అడగడమే. జబ్బు చేసిన మనిషి పని చేసే చోట అందరికీ భారంగా కనిపించే ప్రమాదం ఇందులో ఉన్నది. ఏ కార్మికుడికీ రాకూడని పరిస్థితి అది.

చిన్న సంస్థలన్నీ కలిసి ఒక గుంపుగా కొనవచ్చు కదా అన్న ఆలోచనకు కూడా హద్దులు ఏర్పడ్డాయి. 2005లో నియంత్రణ సంస్థ జారీ చేసిన మార్గదర్శకాలు, కేవలం బీమా కొనడం కోసమే కట్టిన సమూహాన్ని సమూహంగా గుర్తించరాదన్నాయి. కమీషన్ల కోసం బూటకపు సంఘాలు పుట్టకుండా ఆపడం దాని ఉద్దేశం గనుక తప్పుపట్టడానికి లేదు. ఇతర ప్రయోజనంతో ఏర్పడిన వర్తక సంఘాలకు, వృత్తి సంఘాలకు దారి తెరిచే ఉన్నది. కాని ఆ దారిన నడిచిన సంఘాలు తక్కువ. కనీసం ఏడుగురు ఉంటేనే గ్రూపు అన్న హద్దు తరువాతి కాలంలో స్థిరపడింది. అలా 1948లో ఇరవైతో మొదలైన లెక్క పది మీదుగా ఏడుకు చేరింది; ఏడుగురి కంటె తక్కువ ఉన్న దుకాణానికి సర్కారు బీమా గాని, గ్రూపు బీమా గాని తలుపు తీయలేదు. అటువంటి యజమానికి మిగిలింది, ఒక్కొక్కరికి వ్యక్తిగత పాలసీ కొనిపెట్టడం.

రెండు దారులూ అందుబాటులో ఉన్న చోట కూడా వాటిని ప్రీమియం ఒక్కటి చూసి పోల్చడం పొరపాటు. 2019 జులై నుంచి ఇ.ఎస్.ఐ. చందా జీతంలో 4 శాతం. అందులో యజమానిది 3.25, ఉద్యోగిది 0.75. దీనికి బదులుగా డిస్పెన్సరీలో మామూలు జ్వరం మందు మొదలు పెద్ద ఆసుపత్రిలో శస్త్రచికిత్స దాకా, భార్య లేదా భర్త, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులతో సహా, ఖర్చుకు గరిష్ఠ పరిమితి లేకుండా వైద్యం దొరకాలి. అంతకంటె విలువైనది అనారోగ్య కాలపు నగదు ప్రయోజనం: జబ్బుతో పనికి రాలేని రోజులకు ఏడాదిలో 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం చేతికి వస్తుంది. పని ఆగితే కూలి ఆగే కుటుంబానికి ఆసుపత్రి బిల్లు ఎంత పెద్ద దెబ్బో, ఆగిపోయిన కూలి కూడా అంతే దెబ్బ అని అదార్కర్ తరం గుర్తించింది. మార్కెట్టు అమ్మే గ్రూపు ఆరోగ్య పాలసీ సాధారణంగా ఈ రెండో దెబ్బను పట్టించుకోదు. అయితే ఇ.ఎస్.ఐ. ఆసుపత్రుల్లో వరుసలు, మందుల కొరత, పెద్ద వైద్యానికి రిఫరల్ కాగితం కోసం తిరగడం వంటి కష్టాలు నిజమైనవి. వైద్య సేవల నిర్వహణ రాష్ట్ర ప్రభుత్వాలది, డబ్బులో అధిక భాగం కార్పొరేషన్‌ది కావడం వల్ల బాధ్యత ఎక్కడ ఆగుతుందో తేలక ఈ కష్టాలు దశాబ్దాలుగా తీరలేదు. దగ్గరలోని ప్రైవేటు ఆసుపత్రిలో కార్డు చూపి చేరగలిగే గ్రూపు పాలసీ వైపు యజమానులు, ఉద్యోగులు కూడా మొగ్గడానికి కారణం ఇదే. ఆ పాలసీ ఉద్యోగంతో పాటే ముగుస్తుంది. ఉద్యోగం మానిన వ్యక్తి అదే బీమా కంపెనీ దగ్గర వ్యక్తిగత పాలసీకి మారే అవకాశాన్ని నియంత్రణ సంస్థ కల్పించినా, ఆ సంగతి చాలామంది ఉద్యోగుల చెవిన పడదు.

ఈ రెండింటికీ అందనివారి కోసం ప్రభుత్వాలు 2007 నుంచి మూడో దారి వేశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం తెల్ల రేషన్ కార్డు కుటుంబాలకు పెద్ద జబ్బుల చికిత్సను బీమా పద్ధతిలో అందించింది. 2008లో కేంద్రం అమలులోకి తెచ్చిన రాష్ట్రీయ స్వాస్థ్య బీమా యోజన ఐదుగురి కుటుంబానికి ఏడాదికి 30,000 రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు ఇచ్చింది. వీటి వల్ల బతికిన ప్రాణాలు ఉన్నాయి; ఆటోనగర్ షెడ్డులో పనిచేసే కుర్రవాడి తండ్రికి గుండె ఆపరేషన్ జరిగేది ఇటువంటి కార్డు మీదే. కాని ఈ పథకాల్లో పని అనే సంబంధం పూర్తిగా మాయమైంది. అర్హత రేషన్ కార్డును బట్టి వస్తుంది, పనిచేయించుకున్నవాడు వేయవలసిన వాటా ఏదీ ఉండదు. చిన్న సంస్థల యజమానుల బాధ్యతను ఖజానా తన మీద వేసుకున్నది.

2020 ఏప్రిల్ 15న, కోవిడ్ లాక్‌డౌన్ మధ్యలో, కేంద్ర హోం శాఖ జారీ చేసిన ఉత్తర్వు ఆ బాధ్యతను ఒక్కసారిగా మళ్ళీ యజమాని గుమ్మంలో పెట్టింది. తిరిగి తెరిచే పని స్థలాల్లో కార్మికులకు వైద్య బీమా తప్పనిసరి అని అందులో ఉన్నది; మరునాడే నియంత్రణ సంస్థ అటువంటి పాలసీలు అందించాలని కంపెనీలకు సూచించింది. అంతవరకు గ్రూపు పాలసీ మాట వినని వర్క్‌షాపులు, దుకాణాలు దాని గురించి వాకబు చేయడం అప్పుడే మొదలైంది. ఆ అవసరం కంపెనీలు చిన్న గ్రూపుల కోసం ముందే ధర కట్టిన పాలసీలను అమ్మడానికి ఊతమిచ్చింది. అనేక చిన్న గ్రూపులను కలిపి ఒకే ధరల పట్టికతో చూడడం వల్ల, ఒక్క సంస్థ అనుభవం మీదే ధర తేల్చే పాత కష్టం వీటిలో కొంత తగ్గింది. మరోవైపు 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద వస్తుసేవల పన్నును తొలగించినప్పుడు గ్రూపు పాలసీలను మినహాయించారు. తన ఏడుగురు ఉద్యోగులకు బీమా కడుతున్న యజమాని 18 శాతం పన్ను చెల్లిస్తూనే ఉన్నాడు.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, 1948 చట్టాన్ని తనలో కలుపుకుని, పదిమంది అనే హద్దును అలాగే ఉంచింది. ప్రమాదకరమైన పని అని ప్రభుత్వం ప్రకటించిన చోట మాత్రం ఒక్క ఉద్యోగి ఉన్నా ఇ.ఎస్.ఐ. వర్తించేటట్టు చేయవచ్చు. పదిమంది లేని సంస్థకు కూడా ఒక దారి పెట్టింది: యజమాని, ఉద్యోగుల్లో అధిక సంఖ్యాకులు ఒప్పుకుని దరఖాస్తు చేసుకుంటే ఆ సంస్థ ఇ.ఎస్.ఐ.లో స్వచ్ఛందంగా చేరవచ్చు. గ్రూపు పాలసీని యజమాని తానే ఎంచి, తానే సంతకం చేసి, కార్డులు పంచుతాడు. ఉద్యోగిని అడిగేవారు ఉండరు. స్వచ్ఛందంగా చేరే ఈ నిబంధన కింద మాత్రం నలుగురున్న లేత్ షాపులో ముగ్గురైనా ఒప్పుకోకపోతే దరఖాస్తు కదలదు, ఆ ముగ్గురూ అడిగినా యజమాని ఒప్పుకోకపోతే అప్పుడూ కదలదు. ఏ వైద్యం, ఎవరి చందా, ఏ ఆసుపత్రి అన్న మాటలు చిన్న షెడ్డులో ఇద్దరి మధ్యా జరగవలసిన అవసరాన్ని చట్టం కల్పించింది.